ఎనిమిదికి ఏడు గీతలు



పల్నాటిలో మా వయసు వారెవరినైనా అడగండి, మొట్టమొదట చేతికి కట్టుకున్న వాచీ ఏదని. చాలామంది తాటాకు వాచీ అనే చెబుతారు. పచ్చి తాటాకును సన్నగా చీల్చి, మడిచి, నలుచదరపు బిళ్ళగా అల్లి మణికట్టుకు కట్టుకునేవాళ్ళము. దానికి ముళ్ళు లేవు, అంకెలు లేవు. టైమెంతయిందిరా అని పెద్దవాళ్ళు సరదాకు అడిగితే మాకు తోచిన టైము చెప్పేవాళ్ళము. బడి ముందుకు మిఠాయి అమ్మే అతను వచ్చేవాడు. కర్రకు చుట్టిన గులాబీ రంగు పాకాన్ని సాగదీసి చేతికి వాచీలాగా చుట్టేవాడు. ఆ వాచీ ఇంటికి చేరేలోపే కడుపులోకి పోయేది.

అసలు వాచీ మాకు 1992లో వచ్చింది. మేము ఏడవ తరగతిలో ఉన్నాము. మా మేనమామ హైదరాబాదు నుంచి వస్తూ నల్లటి ప్లాస్టిక్ డిజిటల్ వాచీ తెచ్చారు. ఆ రోజులలో హైదరాబాదు అంటే ఆల్విన్ వాచీలు. జపాన్ దేశపు సైకో సంస్థ సహకారంతో అక్కడ తయారయ్యేవి. మా నాన్నగారు ఆల్విన్ ముళ్ళ వాచీ తెస్తాడనుకుంటే ఈ అంకెల వాచీ వచ్చింది. మాకు మాత్రం ఆకాశం అందినట్లయింది. రాత్రిళ్ళు దుప్పటి కప్పుకొని లైటు బటన్ నొక్కి చూసుకునేవాళ్ళము. గంట గంటకూ అది కీచుమని కూసేది. ఒక ఆదివారం నాన్నగారు ప్రార్థన చేస్తుండగా కూసింది. ఆరాధన అయ్యాక ఏమి జరిగిందో వ్రాయనక్కరలేదు. అందుకే కాబోలు, ఇప్పటికీ ప్రసంగము మధ్యలో ఎవరి సెల్‌ఫోనైనా మోగితే మేము గట్టిగా కోప్పడలేము.

ఆ వాచీ పాడయ్యాక, వేదాంత విద్యకు వెళ్ళినప్పుడు అలాంటిదే మరొకటి కొన్నాము. చాలా ఏళ్ళు మాతోనే ఉన్నది. ఇప్పుడు చెప్పబోయేది దాని సంగతి.

మా సంఘము గురజాల నుంచి మాచర్ల వెళ్ళే దారిలో ఒక గ్రామములో ఉన్నది. సంఘస్తులలో ఎక్కువమంది కూలి పనులకు వెళ్ళేవారే. పత్తి తీతలు, మిరప కోతలు, సాగర్ కాలువ నీళ్ళు వచ్చినప్పుడు వరి నాట్లు. వారిలో ఒక సహోదరికి ఫిట్స్ వచ్చేవి. భర్త పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల దగ్గర పని చేస్తూ వారానికోసారి ఇంటికి వస్తాడు. నరసరావుపేట డాక్టరుగారు ఆమెకు మాత్రలు వ్రాసి, ఉదయం ఎనిమిదికి ఒకటి, రాత్రి ఎనిమిదికి ఒకటి, ఒక్క పూట కూడా తప్పవద్దని గట్టిగా చెప్పారు. ఆమె ఇంట్లో గడియారము లేదు. పదవ తరగతి చదివే కూతురు దగ్గర సెల్‌ఫోను ఉన్నది గాని, తల్లి తెల్లవారకముందే కూలీల ఆటో ఎక్కి వెళ్ళిపోతుంది.

మాకు జాలి కలిగింది. క్రిస్మస్ కానుకగా మా డిజిటల్ వాచీని ఆమెకు ఇచ్చాము. ఊరికే ఇవ్వలేదు, పదిమంది ముందు ఒక చిన్న ప్రసంగము కూడా చేశాము. “ఎనిమిది పడగానే మాత్ర వేసుకో అమ్మా, ఇంక మరచిపోయే పని లేదు” అన్నాము. ఆమె రెండు చేతులతో తీసుకొని కళ్ళకద్దుకున్నది.

ఫిబ్రవరిలో మిరప కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు, మేజరు కాలువ గట్టు మీద చేతులు కడుక్కుంటూ ఆమె పడిపోయింది. పక్కనే ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు చీర పట్టుకొని వెనుకకు లాగారు. వాళ్ళు నాలుగడుగుల దూరములో ఉండి ఉంటే ఏమయ్యేదో మేము ఊహించలేము. ఆ రోజు కాలువ నిండుగా పారుతున్నది.

ఆసుపత్రికి మేమూ వెళ్ళాము. మాత్రలు ఏ టైముకు వేసుకుంటున్నావమ్మా అని డాక్టరుగారు అడిగారు. ఆమె వాచీ చూపించి మా వైపు చూసి తల దించుకున్నది. కాసేపటికి మెల్లగా అన్నది: “అయ్యగారూ, మీరిచ్చిన వాచీ మంచిదేనయ్యా. నాకే అంకెలు రావు. మొదట్లో పక్కవాళ్ళను అడిగేదాన్ని. రోజూ అడుగుతుంటే విసుక్కుంటున్నారని మానేశా. ఎనిమిదంటే అన్ని గీతలూ ఉంటయ్యని మా పాప చెప్పింది. ఎండలో ఆ గీతలు నాకు ఒకే తీరుగా కనపడతయ్.”

పదకొండేళ్ళుగా ఆమె మా సంఘస్తురాలు. సంఘపు రిజిస్టరులో ఆమె వేలిముద్ర మా ఎదుటే పడింది. అంకెలు రాని మనిషి చేతికి అంకెల వాచీ కట్టి, చేతులు దులుపుకొని వచ్చింది మేమే.

ఇంటికి వచ్చి ఆ వాచీని ముందు పెట్టుకొని చూశాము. ఏ అంకె అయినా ఆ ఏడు గీతలలోనివే. ఏడూ కనిపిస్తే ఎనిమిది. అందులో కుడివైపు పై గీత ఒక్కటి పోతే ఆరు. ఎడమవైపు కింది గీత ఒక్కటి పోతే తొమ్మిది. నడిమి గీత పోతే సున్న. ఒక్క గీత తేడాలో నాలుగు అంకెలు! అంకెలు వచ్చిన మనకు ఆ తేడా దానంతట అదే తెలిసిపోతుంది. రాని వారికి అది గడ్డిపరకల కుప్ప.

ఇది జరిగిన మూడు వారాలకు మరొక తప్పు చేశాము. ఆదివారం ప్రసంగము చేస్తుంటే ఆమె కూతురు వెనుక వరుసలో కూర్చొని నోటుపుస్తకములో ఏదో గీస్తూ కనిపించింది. పేరు పెట్టి పిలిచి, అందరి ముందు మందలించి, పుస్తకము తెప్పించుకొని బల్ల మీద పెట్టేశాము. ఆ పిల్ల ఆరాధన అయ్యేదాకా తల ఎత్తలేదు. రాత్రి భోజనమయ్యాక మా ఇంటావిడ ఆ పుస్తకము తెరిచి, “ఇది చూడండి ముందు” అని మా చేతిలో పెట్టింది.

అన్నీ వాచీ బొమ్మలే. పద్నాలుగు ఉన్నవి. ఒక్కటీ కొట్టులో దొరికే వాచీలాగా లేదు.

ఒకటి గాజు. మణికట్టు చుట్టూ తిరిగిన గాజు మీద పన్నెండు చిన్న దీపాలు. పొద్దున ఒక చివర సూర్యుడు వెలుగుతాడు, గంటకో దీపము చొప్పున జరుగుతూ సాయంత్రానికి రెండవ చివరకు చేరుతాడు. చీకటి పడితే అదే దారిన చంద్రుడు. హిజ్కియా రాజు రోజులలో ఆహాజు ఎండ గడియారము మీద నీడ మెట్లు మెట్లుగా నడిచిన సంగతి మన పాఠకులకు తెలిసినదే. ఈ పిల్ల దాన్ని చేతికి తొడగాలని చూసింది. మరొకటి మిరపకాయ ఆకారములో ఉన్న వాచీ. మాత్ర వేసుకున్నాక పచ్చగా ఉంటుంది. వేళ దగ్గర పడేకొద్దీ పండుతూ వస్తుంది. ఎనిమిదింటికి ఎర్రగా పండిపోతుంది. మాత్ర వేసుకొని నొక్కితే మళ్ళీ పచ్చ. ఇంకొకదానిలో కోడిపుంజు, ఆటో, సద్ది గిన్నె, మాత్ర, ఇలా బొమ్మలే గాని అంకె లేదు. ఇంకొకదానికి అసలు ముఖమే లేదు. చర్మానికి ఆనుకొని ఉండి వేళకు లోపలి నుంచి తడుతుంది, అంతే. దాని కింద “తట్టే వాచీ” అని వ్రాసుకున్నది. ఆఖరి పేజీలో, పాస్టరుగారి ప్రసంగము ఇంకా ఎంతసేపు ఉందో చూపే వాచీ కూడా ఉన్నది. దాన్ని చూసి మా ఇంటావిడ నవ్విన నవ్వు ఇంకా ఆగలేదు.

బొమ్మల కన్నా వాటి కింద వ్రాసినవి మమ్మల్ని పట్టుకున్నవి. “బెల్టు మిరప కొమ్మకు తగులుకుంటుంది, కాబట్టి గాజు.” “కూత వద్దు, మందు కొట్టే మిషను మోతలో వినపడదు.” “బటన్ వద్దు, రెండు చేతులకూ కారం.” తల్లి రోజంతా ఎలా కదులుతుందో ఆ పిల్ల గమనించి వ్రాసుకున్నది. పదకొండేళ్ళు మేము చూడనిది ఆమె చూసింది.

మరుసటి ఆదివారం ప్రకటనల వేళ, ఏ నోటితో మందలించామో ఆ నోటితోనే అందరి ముందు క్షమాపణ చెప్పి పుస్తకము తిరిగి ఇచ్చాము. పిల్ల సిగ్గుపడి తీసుకున్నది. అప్పటి నుంచి మాకూ ఈ వాచీల పిచ్చి పట్టింది. తెలిసినవారిని అడిగి, చదివి, దొరికినది దొరికినట్లు ఆ పిల్లకు చెబుతూ వచ్చాము.

లోకములో మొట్టమొదటి డిజిటల్ చేతి వాచీ అమెరికాలో హామిల్టన్ సంస్థ చేసినది. 1970లో ప్రకటించి 1972లో అమ్మకానికి పెట్టారు. దాని పేరు పల్సర్. పల్సర్ అంటే మన కుర్రవాళ్ళకు మోటారు సైకిలు గుర్తొస్తుంది, అది వేరు. బంగారు వాచీ, వెల 2,100 డాలర్లు. నల్లటి అద్దములో ఎర్రటి అంకెలు వెలిగేవి. కాని ఆ వెలుగు సెల్లును తినేస్తుంది కాబట్టి ఎప్పుడూ వెలగదు. టైము కావాలంటే రెండవ చేతితో బటన్ నొక్కాలి. ఈ మాట చెప్పగానే ఆ పిల్ల, “అంత డబ్బు పెట్టి రెండు చేతులు కావాలా అయ్యగారూ?” అన్నది. 1973లో సైకో వారు తెచ్చిన వాచీలో అంకెలు తాము వెలగవు. పైన పడిన వెలుతురును కొన్నిచోట్ల అడ్డుకొని నల్లగా కనిపిస్తాయి. అందుకే సెల్లు ఏళ్ళ తరబడి వస్తుంది, టైము ఎప్పుడూ కనిపిస్తుంది. మేము చిన్నప్పుడు కట్టుకున్నదీ, ఆ సహోదరికి ఇచ్చినదీ ఈ జాతివే. 1977 నాటికి టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారు ప్లాస్టిక్ వాచీని పది డాలర్లకే అమ్మారు. బంగారపు వస్తువు అయిదేళ్ళలో బడిపిల్లల చేతికి వచ్చింది.

చవక అయ్యాక వింతలు మొదలైనవి. 1980లో కాసియో లెక్కలు చేసే వాచీ తెచ్చింది. 1982లో సైకో వారు చేతి మీదే టీవీ బొమ్మ చూపించారు. దాని యంత్రము మాత్రం జేబులో పెట్టుకొని తీగతో కలుపుకోవాలి. జపాన్‌లోనే టోక్యోఫ్లాష్ అనే సంస్థ ఉన్నది. చుక్కలు, గీతలు, వెలుగు మచ్చలతో టైము చెప్పే వాచీలు దాని ప్రత్యేకత. ఎక్కడెక్కడి వారో ఊహించి పంపిన బొమ్మలలో కొన్నింటిని నిజమైన వాచీలుగా చేసింది కూడా. వాటిని చూసినప్పుడు మాకు కలిగిన అభిప్రాయము దాచుకోము. చాలావాటిలో టైము ఒక పొడుపు కథ. విప్పుకోవడము సరదా. తీరిక ఉన్నవారికి అది బాగానే ఉంటుంది. మా సహోదరికి అంకెల వాచీయే పొడుపు కథ అయింది గదా.

వేరే రకము వారూ ఉన్నారు. కాసియోలో కికువో ఇబే అనే ఇంజనీరుకు తండ్రి ఇచ్చిన వాచీ కింద పడి పగిలిపోయింది. పడినా పగలని వాచీ చేయాలని 1981లో పూనుకున్నారు. రెండు వందలకు పైగా నమూనాలు చేసి, మూడవ అంతస్తు కిటికీలో నుంచి కిందికి వదిలి చూశారు. పైన ఎంత గట్టి చేసినా లోపల ఏదో ఒకటి విరిగేది. ఒక రోజు పార్కులో ఒక చిన్న పాప రబ్బరు బంతి ఆడుకోవడము చూశారు. బంతి నడుమ వాచీ గుండె తేలుతూ ఉంటే దెబ్బ దాకా రాదు గదా అనిపించింది. 1983లో జీ-షాక్ అలా పుట్టింది. ఈ కథను ఆ పిల్ల మా చేత మూడుసార్లు చెప్పించుకున్నది.

బ్రాడ్లీ స్నైడర్ అనే అమెరికా నౌకాదళ అధికారి 2011లో ఆఫ్ఘనిస్తాన్‌లో బాంబు పేలి చూపు పోగొట్టుకున్నారు. మరుసటి ఏడు లండన్ పారాలింపిక్స్‌లో ఈతలో బంగారు పతకము గెలిచారు. ఆయన పేరుతో 2013లో ఒక వాచీ వచ్చింది. అందులో ముళ్ళ బదులు రెండు ఉక్కు గుండ్లు, అయస్కాంతము లాగినట్లు తిరుగుతాయి. ముఖము మీది గుండు నిమిషాలు, అంచు మీది గుండు గంటలు. వేలితో తడిమి టైము తెలుసుకోవచ్చు. కొరియాలో చేసిన డాట్ అనే డిజిటల్ వాచీలోనైతే 24 సన్నని మొలలు లేస్తూ పడుతూ బ్రెయిలీ అక్షరాలు అవుతాయి. చూపు లేనివారి కోసమని చేసిన బ్రాడ్లీ వాచీని చూపున్నవారు కూడా కొనుక్కున్నారు, కూడికలలో ఎవరికీ తెలియకుండా టైము చూసుకోవచ్చునని. (మా సంఘములో ఎవరికీ ఈ సంగతి చెప్పలేదు.)

ఇవన్నీ విన్నాక ఆ పిల్ల అడిగిన ప్రశ్న ఒక్కటే. “మరి మా అమ్మది ఎవరు చేస్తారు?”

నరసరావుపేటలో మాకు తెలిసిన వాచీ రిపేరు చేసే పెద్దాయన ఉన్నారు. నోటుపుస్తకము తీసుకొని తల్లినీ కూతురినీ వెంటబెట్టుకొని ఆయన కొట్టుకు వెళ్ళాము. ఆయన కంటి భూతద్దము తీసి ప్రతి బొమ్మనూ తీరికగా చూశారు. నవ్వలేదు. ఒక పాత వాచీ విప్పి, లోపలి క్వార్ట్జ్ పలుకును చూపించారు. అది సెకనుకు 32,768 సార్లు అదురుతుందట. దాన్ని సగము, మళ్ళీ సగము, అలా పదిహేను సార్లు చేస్తే సెకనుకు ఒక్కసారి మిగులుతుంది. “పాపా, లెక్క పెట్టడం దీని పని. లెక్కను అంకెగా చూపించాలా, సూర్యుడిగా చూపించాలా, తట్టి చెప్పాలా అనేది మనిషి ఇష్టం. కాకపోతే తట్టడానికి మోటారు కావాలి, అది సెల్లును మింగేస్తుంది. దీపాలు కూడా అంతే. గాజులో అంత సెల్లు ఎక్కడ పెడతావు?” అన్నారు. పిల్ల వెంటనే వ్రాసుకున్నది.

తట్టే వాచీలు ఇప్పుడు బజారులో ఉన్నాయి గదా అని పాఠకులు అనవచ్చు. మా ఇంటావిడ తన డబ్బుతో ఒక చవక స్మార్ట్ వాచీ కొని ఇచ్చింది. వేళకు బాగానే తట్టింది. అయితే చెమట తగిలితే దానంతట అదే బొమ్మలు మారిపోయేది. నాలుగు రోజులకోసారి ఛార్జింగు పెట్టాలి. కరెంటు లేని రాత్రి మరుసటి రోజు అది వట్టి గాజుబిళ్ళ. మూడవ వారానికి ఛార్జింగు తీగ ఎలుకలు కొరికేశాయి.

చివరకు ఆ పెద్దాయన ముళ్ళ వాచీ ఒకటి తీసి, అద్దము విప్పి, ఎనిమిది దగ్గర ఎర్ర రంగు చుక్క పెట్టారు. “పొట్టి ముల్లు చుక్క మీదికి వస్తే మాత్ర వేసుకో తల్లీ. పగలైనా అంతే, రాత్రయినా అంతే.” డబ్బు తీసుకోలేదు. ఆ వాచీ ఆమె చేతికి ఉన్నది. ఇది వ్రాసే నాటికి మళ్ళీ ఫిట్స్ రాలేదు.

చుక్క వాచీతో పని జరుగుతున్నా కూతురు బొమ్మలు మానలేదు. చీకట్లో చుక్క కనపడదట, పనిలో పడితే చూడటమే మరచిపోతుందట, కాబట్టి తట్టాల్సిందేనట. ఇలాంటి ఆలోచన చేయడము కూడా ఒక చదువేనని మేము ఆలస్యముగా తెలుసుకున్నాము. అహ్మదాబాదులో 1961లో నెలకొల్పిన జాతీయ డిజైన్ సంస్థ ఈ చదువే చెబుతున్నది. అలాంటి సంస్థే మన రాష్ట్రములోనూ 2015లో, గుంటూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయ ప్రాంగణములో మొదలైంది. ఇంటర్మీడియట్ తరువాత డాట్ అనే ప్రవేశ పరీక్ష వ్రాయాలి. అందులో బొమ్మలు గీయాలి, ఆలోచన చూపాలి. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా ఫరవాలేదు. నాలుగేళ్ళ డిగ్రీ. ఈ సంగతి తండ్రికి చెబితే సున్నము అంటిన చేతులతో తల గోక్కొని, “వాచీల బొమ్మలకు కాలేజీ ఉందా అయ్యగారూ?” అన్నాడు. నమ్మినట్లు లేదు. ఫీజు ఎంతని మాత్రం అడిగాడు. అది మేము విచారిస్తున్నాము.

పోయిన శనివారం వారింటికి వెళ్ళాము. పిల్ల పుస్తకాల అట్టతో గాజు చేసి, రంగు వేసి, తల్లి చేతికి తొడిగి చూస్తున్నది. పదిహేనవ బొమ్మ అది. తల్లి దాన్ని పైకీ కిందికీ తిప్పి, “వదులుగా ఉందే, కారం గింజలు లోపలికి పోతయ్” అన్నది. పిల్ల వ్రాసుకున్నది.

“తట్టినాక ఆపేదెట్లా? చేతులకు కారం ఉంటదిగా,” అని తల్లే అడిగింది.

పిల్ల ముంజేతిని నుదుటి మీదుగా పోనిచ్చి చూపించింది. “చెమట తుడుచుకుంటావే, అట్లా చెయ్యి పైకి లేపితే ఆగిపోద్ది.”

తల్లి పకపకా నవ్వింది. “ఓసి పిచ్చిదానా! మిరప చేలో రోజంతా తుడుచుకుంటూనే ఉంటాం. తట్టకముందే ఆగిపోద్ది నీ వాచీ.”

పిల్ల ఒక్క క్షణము ఆలోచించి, రబ్బరు తీసుకొని ఆ మాట తుడిపేసింది. పెన్సిలు కొరుకుతూ మళ్ళీ తల్లి చేతి వైపే చూస్తూ కూర్చున్నది.